వారానికో ప్యాకెట్: 60 వేల యూనిట్ల విటమిన్ డి పొడికి ఎన్ని మార్కులు?

మందుల షాపుకెళ్లి "డి త్రీ ప్యాకెట్లు నాలుగివ్వండి" అంటే కౌంటరు మీదికి వచ్చేది వేలెడు పొడవున్న రేకు ప్యాకెట్. చించి చూస్తే లోపల ఒక గ్రాము తెల్లటి పొడి, నోట్లో వేసుకుంటే తీపి. 40 యూనిట్లంటే ఒక మైక్రోగ్రాము. ఆ లెక్కన 60 వేల యూనిట్లంటే ఒకటిన్నర మిల్లీగ్రాములు. గ్రాము పొడిలో అసలు మందు కొలెకాల్సిఫెరాల్ ఉండేది అంతే, మిగతాదంతా దాన్ని మోసే సరుకు. చూడ్డానికి గ్లూకోజ్ ప్యాకెట్‌లా ఉంటుంది కాబట్టే జనం దీన్ని గ్లూకోజ్‌లాగే వాడేస్తున్నారు. ఈ సరుకు మీద ఉన్న ఫిర్యాదుల్లో సగం ఆ వాడకం మీదే.

తీర్పు ముందే చెప్పేస్తే: రక్తంలో పడిపోయిన విటమిన్ డి అంకెను పైకి లేపడంలో దీనికి పదికి తొమ్మిది. ధరకు తగ్గ విలువలో కూడా తొమ్మిదే. "ఎముకలు గట్టిపడతాయట" అని కొనేవాళ్లకు మాత్రం మూడు కంటే ఎక్కువ ఇవ్వలేం. ఆ పని ఈ పొడి ఒక్కదానితో అయ్యేది కాదు.

ఇది ఇంటింటికీ ఎందుకొచ్చిందో తెలియాలంటే ఫ్లాట్ జీవితాన్ని చూడాలి. పార్కింగ్ సెల్లార్‌లో కారెక్కి ఆఫీసు సెల్లార్‌లో దిగేవాళ్లకు రోజు మొత్తం మీద ఒంటికి ఎండ తగిలేది లిఫ్టు దాకా కూడా కాదు. అద్దాల గోడ పక్కన సీటు దొరికితే ఎండ దొరికినట్టే అనుకుంటారు. చర్మంలో విటమిన్ డి తయారుచేసే అతినీలలోహిత బి కిరణాలను మామూలు కిటికీ అద్దం దాదాపు పూర్తిగా ఆపేస్తుంది. ఒంటిని నల్లబరిచే ఎ కిరణాల్లో చాలావరకు లోపలికి వస్తాయి. రోజూ కారు నడిపేవాళ్లకు కుడి చెయ్యి నల్లబడుతుంది, విటమిన్ మాత్రం రాదు.

ఇంకో నమ్మకం లేత ఎండది. పొద్దున ఏడింటి ఎండలో కూర్చుంటే డి వస్తుందని పెద్దవాళ్లు చెబుతారు. ఆ వేళకు సూర్యుడు కింద ఉంటాడు, కిరణాలు గాలిపొరలో ఏటవాలుగా చాలా దూరం ప్రయాణించాలి, బి కిరణాలు దారిలోనే వడకట్టుకుపోతాయి. తిరుపతిలో హార్మోన్ల వైద్య నిపుణుడు సి.వి. హరినారాయణ్ బృందం చేసిన పరిశీలనల్లో చర్మం ఈ పని బాగా చేసేది పగలు 11 నుంచి 2 మధ్య అని తేలింది. గడియారం అక్కర్లేని కొలత ఒకటుంది: మీ నీడ మీ ఎత్తు కంటే పొట్టిగా ఉంటేనే ఆ ఎండ పనికొస్తుంది. హైదరాబాద్‌లో మే నెలలో ఉదయం 9 గంటలకే నీడ పొట్టిదవుతుంది కాబట్టి వడదెబ్బ వేళ దాకా ఆగాల్సిన పని లేదు. డిసెంబరు చివర్లో మాత్రం సుమారు 11 నుంచి ఒకటిన్నర దాకానే ఆ అవకాశం. ముఖం, చేతులు, వీలైతే మోకాళ్ల కింది భాగం తెరిచి, చామనఛాయ ఒంటికి 20 నుంచి 30 నిమిషాలు, వారంలో మూడు నాలుగు రోజులు. చర్మం చురుక్కుమనేదాకా కూర్చోవడం వల్ల అదనపు లాభం లేదు. ఒక దశ దాటాక చర్మమే ఎక్కువైనదాన్ని విరగ్గొట్టేస్తుంది. ఎండ వల్ల విటమిన్ డి విషం కాకపోవడానికి కారణం అదే. ప్యాకెట్‌కు ఆ బ్రేకు లేదు.

ఇక వాడకం. లోపం తేలిన పెద్దవాళ్లకు మన దగ్గర డాక్టర్లు సాధారణంగా రాసేది వారానికి ఒకటి చొప్పున 8 వారాలు. అంటే మొత్తం 4 లక్షల 80 వేల యూనిట్లు, రోజుకు సగటున ఎనిమిదిన్నర వేలు. ఆ తర్వాత నెలకొకటి, అంటే రోజుకు 2 వేల లెక్క. విటమిన్ డి కొవ్వులో కరిగే రకం కాబట్టి పరగడుపున నీళ్లలో కలుపుకుని తాగితే కొంత వృథా. వారంలో అన్నిటికంటే నూనె, నెయ్యి ఎక్కువ పడే భోజనం ఏదో చూసుకుని దాని తర్వాత వేసుకోవాలి. చాలా ఇళ్లలో అది ఆదివారం మధ్యాహ్నం, రోజు గుర్తుంచుకోవడానికీ అదే సులువు.

కలిపే పద్ధతిలోనూ చిన్న మెలకువలున్నాయి. ప్యాకెట్‌ను ముందు నిలువుగా పట్టుకుని రెండుసార్లు తట్టాలి, లేకపోతే పై మూలల్లో ఇరుక్కున్న పొడి చించిన ముక్కతోపాటు చెత్తబుట్టలోకి పోతుంది. అరకప్పు గోరువెచ్చటి పాలు చాలు. వెన్న తీసిన పాలు వద్దు, పొగలు కక్కే పాలు వద్దు. నిండు గ్లాసులో వేస్తే పొడి కొంత పైకి తేలి గ్లాసు అంచుకు, చెంచాకు అంటుకుంటుంది. తాగేశాక అదే గ్లాసులో ఇంకో రెండు గుక్కల పాలు పోసి తిప్పి అవీ తాగాలి. ఒకటిన్నర మిల్లీగ్రాముల మందులో గ్లాసుకు అంటుకున్నది కూడా లెక్కకొస్తుంది. సగం ప్యాకెట్ ఈ వారం, సగం వచ్చే వారం అని కంటిచూపుతో పంచుకోవద్దు. తక్కువ మోతాదే కావాలంటే 1000 లేదా 2000 యూనిట్ల మాత్ర దొరుకుతుంది. ఒక వారం మరిచిపోతే గుర్తొచ్చిన రోజు ఒక్కటి వేసుకోవాలి, రెండు కలిపి కాదు. పొయ్యి పైన అరలో దాచొద్దు, వేడికీ వెలుతురుకీ మందు బలం తగ్గుతుంది.

ఇదే మందు ఇంకా మూడు నాలుగు వేషాల్లో దొరుకుతుంది. మెత్తటి క్యాప్సూల్‌లో నూనెలో కరిగించిన మందు ఉంటుంది. మింగితే చాలు, కలిపే బాధ లేదు. కానీ దాని తొడుగు చాలావరకు జంతువుల నుంచి తీసిన జెలటిన్. పొడిలో ఆ తొడుగు ఉండదు కాబట్టి శాకాహారులు ఇటే మొగ్గుతారు. అయితే లోపలి డి3 కూడా ఎక్కువగా గొర్రె ఉన్ని నుంచి తీసిన జిడ్డుతో తయారయ్యేదే. గొర్రెను చంపనక్కర్లేదు గనక చాలామందికి అభ్యంతరం ఉండదు, ఉన్నవాళ్లు లైకెన్ నుంచి తీసిన డి3 అడగాలి. అది ఖరీదు, ప్రతి షాపులోనూ దొరకదు.

5 మిల్లీలీటర్ల చిన్న సీసాల్లో వచ్చే నానో ద్రవం ఒకే గుక్కలో తాగేయొచ్చు, రుచి బాగుంటుంది. జీర్ణకోశం కొవ్వును సరిగా పీల్చుకోని జబ్బులున్నవాళ్లకు, పిత్తాశయం, క్లోమం సమస్యలున్నవాళ్లకు దానితో ప్రయోజనం ఉండొచ్చు. మామూలు పేగున్న మనిషి పాలతో పొడి తాగడం మానేసి దానికి ఎక్కువ డబ్బు పెట్టాల్సిన కారణం మాకు కనబడలేదు. 3 లక్షలు, 6 లక్షల యూనిట్ల ఇంజెక్షన్లూ ఉన్నాయి. "ఒక్క సూదితో అయిపోతుంది" అని అడిగి మరీ వేయించుకుంటారు. నోటి మందు ఒంటబట్టనివాళ్లకు తప్ప మిగతావాళ్లకు అది మంచి బేరం కాదు. ఆస్ట్రేలియాలో పెద్దవయసు ఆడవాళ్లకు ఏడాదికోసారి 5 లక్షల యూనిట్లు నోటిద్వారా ఇచ్చి చూసిన అధ్యయనం 2010లో వచ్చింది. అందులో మందు తీసుకున్నవాళ్లే ఎక్కువసార్లు పడిపోయారు, ఎముకలు కూడా వాళ్లకే ఎక్కువగా విరిగాయి. అమెరికాలోని హార్మోన్ల నిపుణుల సంఘం ఎండోక్రైన్ సొసైటీ 2024 మార్గదర్శకాలు కూడా 50 దాటినవాళ్లకు ఎప్పుడో ఒకసారి పెద్ద మోతాదు కంటే రోజూ చిన్న మోతాదే మేలంటున్నాయి. అందుకే 8 వారాల కోర్సుకు ప్యాకెట్, ఆ తర్వాత నిలబెట్టుకోవడానికి రోజూ 1000 యూనిట్ల మాత్ర అన్నది మా ఓటు. నెలకో ప్యాకెట్ పద్ధతి చెడ్డదని కాదు, నెల తిరిగేసరికి మరిచిపోవడమే అందులో ఇబ్బంది.

ఈ సరుకు ఎక్కడ బెడిసికొడుతుందంటే, ముందుగా "వారానికి" అన్న మాట దగ్గరే. చీటీలో డాక్టరు ఇంగ్లిష్‌లో రాసింది, షాపులో హడావుడిగా చెప్పింది, ఇంటికొచ్చేసరికి "రోజూ రాత్రి పాలల్లో" అయిపోతుంది. నెల రోజులు అలా తాగితే ఒంట్లోకి వెళ్లేది 18 లక్షల యూనిట్లు. ఇది నీళ్లలో కరిగే బి కాంప్లెక్స్‌లా మూత్రంలో పోదు, కొవ్వులో పేరుకుంటుంది. రక్తంలో దాని అంకె సగానికి తగ్గడానికే రెండు మూడు వారాలు పడుతుంది. కాబట్టి ఇంట్లో పెద్దవాళ్లకు కొనిచ్చేటప్పుడు స్కెచ్ పెన్నుతో ప్రతి ప్యాకెట్ మీదా తారీఖు వేసివ్వండి. మొత్తం పెట్టె చేతికి ఇవ్వకుండా నాలుగే ఇస్తే ఇంకా మంచిది.

రెండోది డబుల్ మోత. వారానికో ప్యాకెట్, దానికి తోడు కాల్షియం మాత్ర, ఆర్థో డాక్టరు రాసిన ఇంకో మాత్ర. మామూలు 500 మిల్లీగ్రాముల కాల్షియం మాత్రలో 250 యూనిట్ల డి3 ఉంటే దానితో పెద్ద తేడా రాదు. అట్టపెట్టె మీద "కాల్సిట్రియాల్" అని ఉంటే మాత్రం ఆగి చూడాలి. అది మూత్రపిండాల దాకా వెళ్లక్కర్లేకుండా ముందే పనికి సిద్ధమైన విటమిన్ డి రూపం, 0.25 మైక్రోగ్రాములకే పనిచేస్తుంది. పైగా మామూలుగా చేయించుకునే విటమిన్ డి పరీక్షలో అది కనబడదు. రిపోర్టులో అంకె తక్కువగానే ఉంటుంది, రక్తంలో కాల్షియం మాత్రం పెరిగిపోతుంటుంది. ఇద్దరు డాక్టర్ల చీటీలు ఒకరికొకరు చూపించని ఇళ్లలో జరిగేది ఇదే.

పరీక్ష గురించి కూడా రెండు మాటలు, ఎందుకంటే జనం ప్యాకెట్‌ను తిట్టేది రిపోర్టు చూసే. అడగాల్సింది 25-హైడ్రాక్సీ విటమిన్ డి. పరగడుపున ఉండక్కర్లేదు. మిల్లీలీటరుకు 20 నానోగ్రాముల కంటే తక్కువైతే లోపం అన్నది ఎక్కువమంది ఒప్పుకునే గీత. 20 నుంచి 30 మధ్య ఉన్నా చాలా ల్యాబులు ఎర్ర అక్షరాల్లో అచ్చేస్తాయి. ఆ ఎర్ర రంగు చూసి భయపడి 27కి ఎనిమిది ప్యాకెట్లు కొనాల్సిన పని లేదు. పైన చెప్పిన 2024 మార్గదర్శకాలు ఆరోగ్యంగా ఉన్నవాళ్లందరికీ ఈ పరీక్ష ఊరికే చేయొద్దనే అంటున్నాయి. లండన్‌లోనో మెల్‌బోర్న్‌లోనో ఉన్న పిల్లలు పంపిన రిపోర్టులో 45 అని ఉంటే సంబరపడకండి, అక్కడి కొలత నానోమోల్స్‌లో ఉంటుంది. రెండున్నరతో భాగిస్తే మన లెక్కలో 18. బ్రిటన్‌లో ప్రభుత్వ ఆరోగ్య సేవ చలికాలమంతా రోజుకు 400 యూనిట్లు వేసుకోమంటుంది, ముదురు రంగు చర్మం ఉన్నవాళ్లకైతే ఏడాది పొడవునా ఆలోచించమంటుంది. ఆవకాయ, కారప్పొడులతోపాటు 60 వేల ప్యాకెట్లు సూట్‌కేసులో పంపే అమ్మానాన్నలు ఈ తేడా గమనించాలి.

కోర్సు మధ్యలో పరీక్ష చేయిస్తే అంకె తప్పుదారి పట్టిస్తుంది. మొదటి ప్యాకెట్ నుంచి మూడు నెలలు ఆగి, అదే ల్యాబులో చేయించాలి. జుట్టు రాలుతోందని 10 మిల్లీగ్రాముల బయోటిన్ మాత్రలు వేసుకునేవాళ్లు రక్తం ఇవ్వడానికి మూడు రోజుల ముందు వాటిని ఆపాలి. బయోటిన్‌ను వాడే పద్ధతిలో పనిచేసే కొన్ని యంత్రాల మీద విటమిన్ డి అంకె అబద్ధంగా ఎక్కువ చూపిస్తుంది. అన్నీ సరిగ్గా చేసినా మూడు నెలల పరీక్షలో అంకె కదలకపోతే మందు నకిలీదని షాపువాడితో తగువు పెట్టుకునే ముందు చూడాల్సినవి ఇవి: ఒంటి బరువు ఎక్కువా (మందు కొవ్వులో దాక్కుంటుంది, రెండు మూడింతలు కావాల్సి రావచ్చు), ఫిట్స్‌కి ఫెనిటాయిన్, కార్బమజెపిన్ లాంటివి, టీబీకి రిఫాంపిసిన్ వాడుతున్నారా (ఇవి విటమిన్ డిని త్వరగా ఖర్చు చేయిస్తాయి), విరేచనాలు జిడ్డుగా అవుతున్నాయా.

ఇప్పుడు ఆ మూడు మార్కుల సంగతి. విటమిన్ డి చేసే పని పేగులోంచి కాల్షియాన్ని లోపలికి లాగడం. పళ్లెంలో కాల్షియమే లేకపోతే అది దేన్ని లాగుతుంది? తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ, ఐసీఎంఆర్ కలిసి 2020లో పెద్దవాళ్లకు రోజుకు కావాల్సిన కాల్షియాన్ని 600 నుంచి 1000 మిల్లీగ్రాములకు పెంచాయి. అన్నం, పప్పుచారు, వేపుడుతో గడిచే రోజులో అందులో సగం రావడం కూడా కష్టం. తిరుపతి బృందం 2007లో ప్రచురించిన అధ్యయనంలోనూ ఇదే కనబడింది. పొలంలో పనిచేసే పల్లెవాళ్లకు పట్నంవాళ్ల కంటే విటమిన్ డి మెరుగు, కానీ తిండిలో కాల్షియం ఇద్దరికీ తక్కువే, దాన్ని పేగులో కట్టేసే ఫైటేటు మాత్రం ఎక్కువ.

కాబట్టి ప్యాకెట్ కొనే రోజే పళ్లెం లెక్క కూడా చూసుకోవాలి. పావు లీటరు పాలో పెరుగో సుమారు 300 మిల్లీగ్రాములు ఇస్తుంది. వంద గ్రాముల రాగుల్లో 360 పైచిలుకు ఉంటుంది గానీ గ్లాసు జావలో పడేది 30 గ్రాముల పిండే, అంటే 110. రాగుల్ని నానబెట్టి మొలకెత్తించి ఆరబెట్టిన పిండైతే ఫైటేటు తగ్గి ఎక్కువ ఒంటబడుతుంది. మునగాకు, తోటకూర మంచివే, పాలకూరలో కాల్షియం ఆక్సలేట్‌తో బిగుసుకుపోయి పెద్దగా రాదు. ప్లస్ ఎఫ్ గుర్తున్న (విటమిన్లు కలిపిన) పాలప్యాకెట్లో లీటరుకు ఉండాల్సిన విటమిన్ డి 200 నుంచి 300 యూనిట్లు. గ్లాసుకు 50 నుంచి 75 వస్తుంది, రోజు అవసరం 600. చుట్టంలా సాయం చేస్తుందే తప్ప సంసారం నడపదు.

తిండితో కుదరక మాత్ర వేసుకుంటే పెట్టె వెనక "ఎలిమెంటల్" అన్న అంకె చూడాలి. 1250 మిల్లీగ్రాముల కాల్షియం కార్బొనేట్‌లో అసలు కాల్షియం 500 మాత్రమే. ఒక్కసారికి అంతకు మించి వేసుకున్నా ఒంటబట్టే వంతు తగ్గిపోతుంది. కార్బొనేట్ భోజనం తర్వాతే వేసుకోవాలి, ఎసిడిటీ మాత్రలు రోజూ వాడేవాళ్లకు సిట్రేట్ నయం. థైరాయిడ్ మాత్రకీ దీనికీ కనీసం నాలుగు గంటల ఎడం ఉండాలి.

అన్నిటికంటే ఎక్కువగా జనం వదిలేసేది బరువు మోయడం. ఎముక తన మీద పడే భారాన్ని బట్టి తనను తాను కట్టుకుంటుంది. భారం లేని చోట దాన్ని కూల్చేస్తుంది. అంతరిక్షంలో వ్యోమగాములకు తుంటి ఎముక నెలకు ఒక శాతం పైగా తరిగిపోతుంది, అది వాళ్లకు విటమిన్ డి అందక కాదు. అమెరికాలో దాదాపు 26 వేల మందికి రోజూ 2000 యూనిట్లు ఇచ్చి చూసిన వైటల్ ప్రయోగంలో, లోపం ఉందని ఎంచి తీసుకోని ఆ మామూలు జనంలో ఎముకలు విరగడం తగ్గలేదని 2022లో తేలింది. అదే ఆస్ట్రేలియాలో, ఎముక పలచబడిన పెద్దవయసు ఆడవాళ్ల చేత శిక్షకుల కళ్లెదుట వారానికి రెండుసార్లు అరగంట చొప్పున ఎనిమిది నెలలు గట్టి బరువులు ఎత్తిస్తే వెన్ను ఎముక సాంద్రత పెరిగింది. ఈత, సైకిల్ గుండెకు మంచివి, ఎముకకు వాటితో పెద్దగా ఒరిగేది లేదు. ఫ్లాట్‌లో మొదలుపెట్టడానికి మెట్లు, కుర్చీలోంచి చేతులు ఆన్చకుండా పదిసార్లు లేవడం, రెండు చేతుల్లో ఐదేసి కేజీల బియ్యం సంచులు చాలు. ఆ తర్వాత నెలనెలా బరువు పెంచాలి, పెంచకపోతే ఎముకకు కొత్త కబురు అందదు.

ఎముక సంగతి తెలుసుకోవడానికి అపార్ట్‌మెంట్ కింద పెట్టే ఉచిత శిబిరాన్ని నమ్మొద్దు. మడమకు జెల్లు రాసి చూసే ఆ అల్ట్రాసౌండ్ యంత్రం అంకెతో రోగనిర్ధారణ చేయరు, మందులు మొదలుపెట్టరు. తుంటికీ నడుముకీ తీసే, ఎముక సాంద్రతను కొలిచే డెక్సా స్కాన్ కావాలి. 50 దాటినవాళ్లకు అందులో వచ్చే టి స్కోరు (ఆరోగ్యంగా ఉన్న యువత ఎముకతో పోల్చి ఇచ్చే అంకె) మైనస్ 2.5 లేదా అంతకంటే కిందైతే ఆస్టియోపోరోసిస్, అంటే ఎముక బోలుబారే జబ్బు. నల్గొండ ఫ్లోరైడ్ నీళ్లు ఏళ్లతరబడి తాగినవాళ్లకు వెన్ను డెక్సా దట్టంగా కనిపించినా ఎముక పెళుసుగా ఉండొచ్చు, ఆ చరిత్ర డాక్టరుకు ముందే చెప్పాలి.

మూత్రపిండాల్లో రాళ్లు, కిడ్నీ జబ్బు, సార్కాయిడోసిస్, పారాథైరాయిడ్ సమస్య, గుండెకు వాడే డిగాక్సిన్ మాత్ర, వీటిలో ఏదున్నా షాపులో అడిగి ఈ ప్యాకెట్ కొనొద్దు. ఇప్పటికే రోజుకొకటి చొప్పున తాగేసి, ఆకలి చచ్చి, వాంతి వచ్చినట్టుండి, మలబద్ధకం పట్టి, విపరీతంగా దాహం వేసి పదేపదే మూత్రానికి వెళ్తున్నవాళ్లు ప్యాకెట్లూ కాల్షియం మాత్రలూ ఆపేసి అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. అక్కడ ముందు చేయించాల్సినవి సీరం కాల్షియం (రక్తంలో కాల్షియం), కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్. వాటి ఫలితం గంటల్లో వచ్చేస్తుంది, విటమిన్ డి రిపోర్టు కోసం ఎదురుచూస్తూ కూర్చోవద్దు.